కోట్‌పాడ్ నేతవీధి: పాత రంగు, కొత్త బేరం

మన నేత గ్రామాలను యాత్రికులు చూడవచ్చే స్థలాలుగా తీర్చిదిద్దవలెనన్న మాట ఈ మధ్య తరచు వినబడుతున్నది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ భూదాన్ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంచినప్పటి నుండి ఈ కోరిక మరింత బలపడ్డది. మా వూరి మొగలో ఒక ద్వారం కట్టించండి, గోడల మీద మగ్గం బొమ్మలు వేయించండి, ఒక ప్రదర్శనశాల పెట్టించండి అని అడిగేవారు వున్నారు. అడగవలసినదే. పాడుబడిన పేట బాగుపడితే ఎవరికి చేదు? అయితే వీధి బాగుపడినంత మాత్రాన ఆ వీధిలో మగ్గం కూడా బాగుపడుతుందా అన్నది నేత కుటుంబాల వారు ముందుగా విచారించుకోవలసిన సంగతి. ఇందుకు దూరదేశం పోనక్కరలేదు. సాలూరు ఘాటు ఎక్కి కొరాపుట్ జిల్లాలో ప్రవేశిస్తే చాలు.

జయపురం సీమ మనకు పరాయిది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రం అయ్యేవరకు అది మద్రాసు రాజధానిలో భాగమే. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ చేసిన దానాలు పెద్దలకు జ్ఞాపకం వుండే వుంటవి. అక్కడి శాస్త్ర కళాశాలకు ఆయన పేరే పెట్టినారు. 1992 అక్టోబరు 2న కొరాపుట్ నుండి విడిపోయి రాయగడ వేరు జిల్లా అయినది. రాయగడ, గుణుపురం బజారులలో నేటికీ తెలుగులో బేరమాడవచ్చు. మనవారు వ్యాపారం మీద, ఉద్యోగాల మీద అక్కడికి పోతూనే వున్నారు గాని, అక్కడి నేత సంగతి విచారించినవారు తక్కువ.

జయపురం పట్టణంలో కోట, రాజభవనం, గుళ్ళు చూడదగినవి. నందపురం నుండి రాజధానిని 17వ శతాబ్దంలో ఇక్కడికి తెచ్చినారు. అయినా మన పనికి కావలసిన వీధి అక్కడ లేదు. అది జయపురం నుండి బొరిగుమ్మ మీదుగా జగదల్‌పూర్ పోయే దారిలో, సుమారు 45 కిలోమీటర్ల దూరాన కోట్‌పాడ్‌లో వున్నది. ఈ పరగణా కోసం పూర్వం బస్తరు రాజులకూ జయపురం రాజులకూ చాలాకాలం తగాదా నడిచింది. ఇప్పుడది చిన్న పట్టణం. అందులో మిర్గాను కులస్థులు గుంటమగ్గాల మీద నేసే నూలు బట్టను దేశంలో ఎరిగినవారు వెనుక చాలా కొద్దిమంది. ఇప్పుడు పెద్ద నగరాల ప్రదర్శనలలో అది కనబడుతున్నది. పట్టణం నడిబొడ్డున పాత పేటను బాగుచేసి కళలకు నెలవు చేయటమంటే ఏమిటో ఈ సీమలో చూడదలిస్తే, చూడవలసింది ఇటువంటి నేతవీధినే. రంగుపూసిన మేడలు ఇక్కడ లేవు. నూలు ఆరవేసిన దండేలు, వాకిట్లో రంగు కుండలు, లోపల గుంటమగ్గం, ఇంతే.

ఈ బట్టకు ప్రాణం రంగులో వున్నది. ఆ రంగును వారు ఆల్ అని పిలిచే చెట్టు వేరు నుండి తీస్తారు. మన పెద్దలు తొగరు అన్నది ఈ జాతినే. చెట్టు వేరు మీది బెరడులో రంగు దాగి వుంటుంది. దాన్ని ఎండబెట్టి, దంచి, పొడిచేసి నూలుతో పాటు కాస్తే ఎరుపు వస్తుంది; అది ఇటుక ఎరుపు మొదలు ముదురు కెంపు వరకు ఎన్నో ఛాయలలో పలుకుతుంది. అన్నభేది చేర్చితే నలుపుకు, కాఫీ గింజ రంగుకు తిరుగుతుంది. మిగిలింది రంగు వేయని నూలు తెలుపు. ఈ మూడింటితోనే మిర్గానులు తరతరాలుగా బట్ట నడిపినారు. నీలి లేదు, పసుపు లేదు, పచ్చ లేదు. కోట్‌పాడ్ బట్టలో పచ్చ చార కనబడితే అది పాత వేరు రంగు కాదని తెలుసుకోవలసినదే.

వేరు కాచినంత మాత్రాన రంగు నూలును పట్టుకోదు. అంతకు ముందు నూలును తయారు చేయవలసి వున్నది. చిలపలను పేడ నీళ్ళలో నానవేసి, ఆముదం పట్టించి, కట్టె బూడిద నీటిలో పిసికి, ఎండలో ఆరవేస్తారు. ఒక్కసారి కాదు, రోజుల తరబడి మళ్ళీ మళ్ళీ అదే పని. నూలు పూర్తిగా సిద్ధమై, రంగెక్కి, మగ్గం దగ్గరకు వచ్చేసరికి సుమారు మూడు నాలుగు వారాలు పడుతుంది. వానకాలంలో ఇంకా ఎక్కువ. ఈ పని యావత్తూ ఆడవారి చేతిలోనిది. పురుషుడు మగ్గం మీద కూర్చుని నేసే రోజుల కంటె, ఇల్లాలు వాకిట్లో నూలు పిసికే రోజులు ఎక్కువ అని చెప్పినా తప్పుకాదు. చీర ధర చెప్పగానే ఇంతా అని నోరు వెళ్ళబెట్టే కొనుగోలుదారుకు ఈ లెక్క ఎవరైనా విప్పి చెప్పవలసి వున్నది.

మనలో తేలియా రుమాళ్ళు నేసిన చీరాల, పుట్టపాక కుటుంబాల వారికి ఇది చదవగానే ఒక సంగతి తట్టి వుంటుంది. తేలియాకు కూడా నూలును ఆముదంలో, ఆముదపు కాయల పొట్టు బూడిద నీటిలో రోజుల తరబడి పిసికి ఆరవేసే పద్ధతి వున్నది గదా. నూనె, క్షారం, గాలి, ఎండ, ఈ నాలుగూ కలిసి నూలు పోగులో రంగు దిగటానికి తావు చేస్తవి. టర్కీ ఎరుపు అని ప్రపంచంలో పేరుపడ్డ రంగు రహస్యమూ ఈ నూనె పట్టింపులోనే వున్నది. బందరు అద్దకాలకు మనవారు చిరువేరు వాడేవారు. చిరువేరు, మంజిష్ఠ, తొగరు మూడూ వేరు వేరు మొక్కలైనా, మూడింటి ఎరుపూ ఒకే కుటుంబపు రంగులు. కొరాపుట్ కొండల మిర్గానూ, చీరాల సాలె ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ఒకే విద్యను చేతబట్టుకొని కూర్చున్నారన్నమాట.

ఇక నేత. నూలు ముతకదే. అంచు గట్టి రంగుగా రావటానికి మూడు నాడెలు వాడతారు: ఇటు అంచుకు ఒకటి, అటు అంచుకు ఒకటి, నడుమ ఒకటి. అంచు నాడె, నడుమ నాడె కలిసేచోట పేక పోగులు ఒకదాన్నొకటి పట్టుకొని వెనుకకు తిరుగుతవి. గద్వాలలో కుప్పడం నేసినవారికి దీన్ని గూర్చి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. బొమ్మలకు జాకార్డు, డాబీ వాడరు; అదనపు పేకను చేతితో ఎత్తి వేయటమే. చేప, పీత, శంఖం, పడవ, విల్లు, గొడ్డలి, గొడుగు, గుడి, గుడిసె, ఇవే బొమ్మలు. సన్నపు గీతల అల్లిక కాదు గాని, దూరం నుండి చూచినా పీత పీతగానే కనబడుతుంది. మాకు ఎక్కువ నచ్చినది ఈ మొండి స్పష్టతే.

ఈ బట్టను మిర్గానులు తమ కోసం నేసుకోలేదు, రాజుల కోసమూ నేయలేదు. చుట్టుపట్ల వున్న భత్రా, పరజా మొదలైన గిరిజనుల కోసం నేసినారు. మోకాలి దాకా వచ్చే పొట్టి చీరకు 8 మూరలు, చీలమండ దాకా వచ్చేదానికి 16 మూరలు లెక్క. పెళ్ళికి ఒకటి, పండుగకు ఒకటి. పొలంలో, అడవిలో ఏళ్ళ తరబడి కట్టినా రంగు పోని బట్ట కావలసినవారు వారు. ఆ నమ్మకం మీదనే వీధి నడిచింది. నేత ఇంటికీ కట్టేవారి ఇంటికీ నడుమ షావుకారు అవసరం అంతగా లేదు; సంత వుంటే చాలు.

ఆ బేరం ఎట్లా దెబ్బతిన్నదో మనవారికి విప్పి చెప్పనక్కరలేదు. 1868, 1869 ప్రాంతంలో జర్మనీ, ఇంగ్లండు రసాయన శాస్త్రజ్ఞులు మంజిష్ఠ ఎరుపును కర్మాగారంలో తయారు చేయటం కనిపెట్టినారు. తర్వాత కొద్ది సంవత్సరాలకే యూరప్‌లో మంజిష్ఠ పొలాలు బీడుపడ్డవి. మన దేశంలో చిరువేరు, తొగరు కూడా అదే దారి పట్టినవి. ఆ తర్వాత మిల్లు బట్ట వచ్చింది, మరమగ్గం బట్ట వచ్చింది, అద్దకపు పాలియెస్టరు చీర వచ్చింది. కొండ సంతకు కూడా ఇవి చేరినవి. మూడు వారాల పని పెట్టి నేసిన చీర పక్కన, అందులో పదోవంతు ధరకే రంగురంగుల చీర కనబడితే గిరిజన స్త్రీ దాన్ని కొనటంలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. తప్పు పట్టినా మగ్గానికి పని దొరకదు.

కనుక కోట్‌పాడ్ వీధి మళ్ళీ నిలబడ్డదంటే, పాత కొనుగోలుదారు తిరిగి వచ్చి కాదు. కొత్త కొనుగోలుదారు దొరకటం వల్ల. నగరాలలో సహజమైన రంగుల మీద మోజు పెరిగింది. మిర్గానులు తమ పీతను, శంఖాన్ని నిండు నిడివి చీరల మీదికి, దుపట్టాల మీదికి, ఉత్తరీయాల మీదికి ఎక్కించినారు. ఒరిస్సా రాష్ట్ర చేనేత సహకార సంస్థ బొయనికా వంటివి, ప్రదర్శనలు పెట్టే సంస్థలు, బట్టల శిల్పులు చేయి కలిపినారు. 2005లో కోట్‌పాడ్ చేనేత బట్టకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒరిస్సాలో ఆ గుర్తింపు పొందిన మొదటి వస్తువు ఇదే. 2018లో ఇక్కడి నేతగాడు గోవర్ధన్ పనికాకు పద్మశ్రీ బిరుదు ఇచ్చినారు. మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి రాష్ట్రపతి భవనంలో గౌరవం జరగటం నేత కుటుంబాల వారందరికీ సంతోషకరమైన విషయమే.

ఇక్కడ మనం ఆగి ఆలోచించవలసి వున్నది. వెనుక కొనేవారు బట్టను కట్టుకునేవారు. చిరిగితే మళ్ళీ కొనేవారు. ఇప్పుడు కొనేవారు చూచి ముచ్చటపడి కొనేవారు. ముచ్చట తీరితే మరొక వూరి బట్ట మీదికి మనసు పోతుంది. 2020లో కరోనా వచ్చి ప్రదర్శనలు, ప్రయాణాలు నిలిచిపోయినప్పుడు దూరపు కొనుగోలుదారు మీద ఆధారపడ్డ మగ్గం గతి ఏమిటో దేశంలోని నేత వూళ్ళన్నీ చవిచూచినవి. కాబట్టి యాత్రికుణ్ణి నమ్ముకోవద్దని మేము అనటం లేదు. యాత్రికుణ్ణి ఒక్కణ్ణే నమ్ముకోవద్దని అంటున్నాము. దగ్గర సంతలో ఒక తువ్వాలు, ఒక ముతక దుప్పటి, ఒక పంచె కొనేవాడు నిలిచి వుంటేనే చీర నేసే మగ్గానికి పస్తు లేని నెల వుంటుంది.

ఇంకొక చిక్కు వున్నది, అది వేరు చిక్కు. రంగు వేరు బెరడులో వున్నది గనుక వేరు త్రవ్వక తప్పదు. వేరు త్రవ్విన చెట్టు బ్రతకటం కష్టం. అడవిలో, పొలం గట్లమీద వున్న చెట్లు తరుగుతున్నవి. బట్టకు పేరు వచ్చి గిరాకీ పెరిగితే, ఆ పేరే చెట్టుకు గొడ్డలి అవుతుంది. పూర్వం మధ్య హిందూస్థానంలో ఈ చెట్టును ఒక పంటగా వేసి, మూడు నాలుగేళ్ళ వయసులోనే త్రవ్వి వేరు తీసేవారు. లేత, సన్నని వేళ్ళలోనే రంగు మెండు. ముదిరిన చెట్టు మొద్దు వేరులో రంగు తక్కువ. ఈ సంగతి గమనిస్తే ఉపాయం కూడా అందులోనే కనబడుతుంది. నాలుగు మడులు చేసి, ఏటా ఒక మడి త్రవ్వి, త్రవ్విన మడిలో మళ్ళీ నాటుతూ పోతే ఏటా వేరు దొరుకుతుంది, అడవి చెట్టుకు హాని లేదు. కాని నేతగాడికి పొలం ఎక్కడిది? అది పంచాయతీయో, అటవీ శాఖయో, సహకార సంఘమో పూనుకొని చేయవలసిన పని. వీధి మొగలో ద్వారం కట్టటానికి అయ్యే డబ్బులో కొంత ఈ మొక్కలకు పెట్టితే ద్వారం లోపల మగ్గం కూడా వుంటుంది.

ద్వారాన్ని మేము ఊరికే ఎగతాళి చేయటం లేదు. బాగుపడిన నేతపేటలు చివరకు ఏమవుతవో చెప్పే వూరు ఒకటి ఫ్రాన్సులో వున్నది. లియాన్ నగరంలో క్రువా రూస్ అనే గుట్ట మీద పట్టు నేసేవారు పేటలు పేటలుగా వుండేవారు. జాకార్డు మగ్గం ఎత్తుగా వుంటుంది గనుక, అది పట్టేటట్లు నాలుగేసి మీటర్ల ఎత్తు కప్పులతో, పెద్ద కిటికీలతో ఇళ్ళు కట్టినారు. 1831లోను, 1834లోను మజూరి రేట్ల కోసం ఆ నేతగాళ్ళు తిరగబడి ప్రాణాలు ఇచ్చిన వీధులు అవి. 1998లో లియాన్ పాత నగరం, ఈ గుట్ట వాలుతో సహా, ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాకు ఎక్కింది. ఇప్పుడు అక్కడ అంగళ్ళు, కాఫీ హోటళ్ళు, చిత్రకారుల గదులు వున్నవి. యాత్రికులు గుంపులుగా వస్తారు. ఎత్తు కప్పుల ఇళ్ళకు మంచి గిరాకీ. మగ్గాలు మాత్రం చూపుడు కోసం నడిపేవి కొద్ది మిగిలినవి. మగ్గం కోసం కట్టిన ఇంటిలో మగ్గం తప్ప అన్నీ వున్నవి.

ఒరిస్సాలోనే పూరీ దగ్గర రఘురాజ్‌పూర్ మరొక రకం ఉదాహరణ. 2000 సంవత్సరంలో దాన్ని వారసత్వ గ్రామంగా తీర్చినారు. పటచిత్రం వ్రాసే చిత్రకారులు తమ ఇళ్ళలోనే వుండి, తమ అరుగుల మీదనే పని చేస్తూ, అక్కడికక్కడే అమ్ముకుంటున్నారు. ఇల్లు చేయి మారలేదు, పని చేయి మారలేదు. ఇది లియాన్ కంటె మేలు. అయితే వచ్చినవాణ్ణి తన గుమ్మం వైపు త్రిప్పుకోవటానికి ఇంటికి ఇల్లు పోటీపడటం అటువంటి వూళ్ళకు తప్పని కష్టం. 2019 మే నెలలో ఫనీ తుపాను వచ్చినప్పుడు ఆ వూరికి ఇళ్ళు, చిత్రాలు రెండు విధాలా నష్టం జరిగింది. ఇల్లే దుకాణం, ఇల్లే గిడ్డంగి అయినచోట ఒక్క గాలివానకు రెండూ పోతవి. మన నేత ఇళ్ళ పరిస్థితీ అదే గనుక సరకుకు బీమా సంగతి సంఘాలు పట్టించుకోవటం అవసరం.

ఇక రాయగడ జిల్లాకు వద్దాము. ఇక్కడ పాత పేట అంటే బజారు వీధి కాదు, వారం వారం కూడే సంత. బిస్సం కటక్ దగ్గర చాటికోనలో బుధవారం సంత. నియమగిరి కొండల మీది డొంగ్రియా కోదులు ఆ రోజున కొండ దిగి అనాస, అరటి, పసుపు, అల్లం తెచ్చి అమ్ముకుంటారు. వారు కప్పుకునే ఉత్తరీయాన్ని కపడాగండా అంటారు. తెల్లని ముతక గుడ్డ మీద ఎర్ర, పసుపు, ఆకుపచ్చ దారాలతో గీతలు, త్రికోణాలు కుట్టుతారు. త్రికోణం కొండకు గుర్తు అంటారు. పెళ్ళికాని పిల్ల తాను మనసుపడ్డవాడి కోసమో, తండ్రి కోసమో, అన్నదమ్ముల కోసమో నెలల తరబడి కుట్టి ఇస్తుంది. అమ్ముకోవటానికి పుట్టిన బట్ట కాదిది.

2024 జనవరిలో ఈ ఉత్తరీయానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టినది నియమగిరి డొంగ్రియా కోదు నేతకారుల సంఘం. పేరులో నేత వున్నా, వారు చేసేది సూదిపని. ఆ తెల్లగుడ్డను వారు నేయరు. తరతరాలుగా దాన్ని కింది వూళ్ళ డొంబు కులస్థుల వద్ద మార్పిడి మీద పుచ్చుకునేవారు. ఈ మాట నేత కుటుంబాల వారి చెవిని ప్రత్యేకంగా వేయదలచినాము. ఉత్తరీయం కొన్నవారు కుట్టుపనిని మెచ్చుకుంటారు, త్రికోణం అర్థం అడుగుతారు. గుడ్డ ఎవరు నేసినారని అడిగేవారు అరుదు. మిల్లు గుడ్డ మీద అదే కుట్టు కుట్టితే చూచేవాడికి తేడా తెలియదు. కోదు ఆడపిల్లల పనికి న్యాయమైన పేరు వచ్చినందుకు మేము సంతోషించవలసినదే; అది వారి సొత్తు. దాని అడుగున వున్న తెల్లగుడ్డకు కూడా ఒక పేరు, ఒక ధర వుండవలెనని అంతే. మన వైపు కలంకారీ కింద గుడ్డ, ఎంబ్రాయిడరీ కింద గుడ్డ నేసేవారి గతి ఇట్లాగే వున్నదని వేరే చెప్పాలా?

ఆ కొండకు ఒక సంగతి జతపరచకపోతే కథ సగమే. నియమగిరి మీద బాక్సైటు త్రవ్వకానికి సమ్మతి వున్నదా లేదా తేల్చమని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలకు వదలిపెట్టింది. ఆ ఏడే 12 గ్రామసభలు జరిగి, పన్నెండుకు పన్నెండూ వద్దన్నవి. కొండ పోయిన తర్వాత త్రికోణం కుట్టి అమ్ముకోవటంలో అర్థం లేదని వారికి మనం చెప్పనక్కర లేకపోయింది.

భౌగోళిక గుర్తింపును గూర్చి మన వారిలో ఒక అపోహ గట్టిగా వున్నది. వూరికి గుర్తింపు వచ్చింది గనుక ఇక మన బట్టకు రక్షణ దొరికినట్లే అనుకుంటారు. 1999లో చేసిన ఈ చట్టం 2003 సెప్టెంబరు 15 నుండి అమలులో వున్నది. దాని ప్రకారం సంఘమో సంస్థో దరఖాస్తు పెట్టి పేరు నమోదు చేయించటం ఒక అంచె మాత్రమే. ఆ తర్వాత ప్రతి నేతగాడు, లేక ప్రతి సహకార సంఘం, అధికృత వినియోగదారుగా తన పేరు వేరుగా నమోదు చేయించుకోవలసి వున్నది. రిజిస్టరులో మొదటిది ఏ భాగం, రెండవది బీ భాగం. ఏ భాగంలో వూరి పేరు వుండి, బీ భాగంలో నీ పేరు లేకపోతే, ఆ ముద్ర నీ బట్ట మీద వేసుకోవటానికి నీకు హక్కు వుండదు. నకిలీ అమ్మినవాడి మీద ఆ రిజిస్ట్రేషను పేరున దావా వేయటానికీ వుండదు. నమోదు పది సంవత్సరాలకు ఒకసారి మార్పించుకోవాలి కూడా. పోచంపల్లి, గద్వాల, వెంకటగిరి, మంగళగిరి, ఉప్పాడ, నారాయణపేట, ధర్మవరం, సిద్దిపేట గొల్లభామ, వీటన్నిటికీ గుర్తింపు వున్నది. ఈ వూళ్ళవారు తమ సంఘం కార్యదర్శిని ఒకే ప్రశ్న అడగవలసి వున్నది: బీ భాగంలో మన పేర్లు ఎన్ని? జవాబు రాకపోతే దరఖాస్తు కాగితం పట్టించుకోవాలి. పోచంపల్లి నమూనాను మరమగ్గం మీద అచ్చువేసి చౌకగా అమ్మటం మన కళ్ళముందే జరుగుతున్న పని గదా.

మన పేటలలో యాత్రికుల కోసం ఏర్పాట్లు జరిగేచోట సంఘాలు ఏమి కోరాలన్న ప్రశ్నకు మా అభిప్రాయం ఇది. మొదట రంగు ఇంటికి నీరు, వాడిన రంగునీరు పోయే కాలువ. తరువాత నూలు ఆరవేసుకోవటానికి, పడుగు సాగదీయటానికి వీధిలో తావు. వచ్చినవారి కార్లు నిలపటానికి ఆ తావునే తీసుకోకుండా చూచుకోవాలి. వీధి బాగుపడగానే ఇంటి అద్దె పెరుగుతుంది. అద్దె కొంపలో మగ్గం పెట్టుకున్నవాడే ముందు వెళ్ళిపోవలసి వస్తుంది గనుక, ఉమ్మడి మగ్గాల షెడ్డు అడగాలి. బొమ్మలు, ద్వారాలు వీటి తర్వాత. రంగు వేసే ఆడవారికి కూలి వేరుగా లెక్కకట్టాలన్నది కూడా ఇక్కడే చెప్పవలసిన మాట. చీర ధరలో నేతకు ఇంత, రంగుకు ఇంత అని విడిగా చీటీ మీద వ్రాసి పెట్టితే కొనేవాడికి బేరమాడే నోరు కొంత తగ్గుతుంది, ఇంట్లో ఇల్లాలి పనికి విలువ కొంత కనబడుతుంది.

ఈ వీధులను స్వయంగా చూడదలచిన వారికి దారి సులువే. విశాఖపట్నం నుండి కిరండూల్ పోయే రైలు అరకు, కొరాపుట్, జయపురం మీదుగా పోతుంది. జయపురంలో దిగితే కోట్‌పాడ్‌కు బస్సులు వున్నవి. రోడ్డున వచ్చేవారికి విజయనగరం, సాలూరు, సుంకి, కొరాపుట్ దారి. కొరాపుట్‌లో జగన్నాథాలయం పక్కనే గిరిజన ప్రదర్శనశాల వున్నది. గదబ స్త్రీలు చెట్టునారతో నేసుకునే కెరంగు బట్ట సంగతి కూడా అక్కడ విచారించి రండి; అది నేసే చేతులు ఇప్పుడు చాలా కొద్ది. కోట్‌పాడ్‌లో నూలు పిసికే పని చూడవలెనంటే ఎండలున్న నెలల్లో పోవటం మంచిది. నేతవారి ఇంటికి నేతవారు వచ్చినారని తెలిస్తే ఆదరణకు లోటు వుండదు గాని, రంగు పాళ్ళు అడిగి కాగితం మీద వ్రాసుకోవటం మాత్రం మర్యాద కాదు. నియమగిరి వైపు పోయేవారు రాయగడలో రాత్రి బసచేసి బుధవారం తెల్లవారుతూనే చాటికోనకు బయలుదేరవలెను. సంతలో అడగకుండా ఫొటో తీయరాదు. ఉత్తరీయం నచ్చితే బేరమాడే ముందు, గుడ్డ చేతి మగ్గానిదా మిల్లుదా అని ఒకసారి వేళ్ళతో తడిమి చూడండి. ఆ పరీక్ష మనవారికి ఎవరూ నేర్పనక్కరలేదు.